మాతృ స్మరణము – జైన గృహస్థుని ధర్మము



మన సంచికలో ప్రతి సంవత్సరము కొన్ని పుటలు గతించిన తల్లుల పటములకు కేటాయింపబడుట మీ రెరిగినదే. ఈ యేడు నేనును మా అమ్మగారి పటముతో ఒక పుటకు సొమ్ము కట్టితిని. సంపాదకవర్గమువారు “పటము క్రింద నాలుగు మాటలు వ్రాసి ఇవ్వండి” అని కోరిరి. “పూజ్య మాతృమూర్తి పవిత్ర స్మృతికి” అని వ్రాసితిని. ఆపైన కలము సాగలేదు. ముప్పది యేండ్లుగా నూలు బేరము చేయుచు, రోజుకు నూరు పద్దులు వ్రాయు చేతికి తల్లిని గూర్చి నాలుగు మాటలు దొరకకపోవుట నాకే సిగ్గు కలిగించినది. ఆ నాలుగు మాటలకు బదులుగా ఈ వ్యాసము వ్రాయుచున్నాను. నేను చదువుకొన్నది హైస్కూలు వరకే. శాస్త్రము చెప్పుటకు ముని మహారాజులు, సాధ్వీజీలు కలరు. నేను వారివలన విన్నది, నా బ్రతుకులో తెలిసికొన్నది మాత్రమే మనవి చేసికొందును. తప్పులున్న క్షమింతురుగాక.

మా చిన్నవాడు ఒకనాడు పటమునకు దండ వేయుచు నన్నడిగెను: “నాన్నా, నాయనమ్మకు ఏమీ చేరదని సాధ్వీజీ చెప్పారు గదా! మరి ఈ దండ ఎవరికోసం?”

ప్రశ్న చిన్నదే. జవాబు చిన్నది కాదు.

మధురలోను, కోయంబత్తూరులోను మన ఇరుగుపొరుగు తెలుగువారు తల్లి తిథినాడు పిండము పెట్టుదురు. ఆడి అమావాస్యకో, మహాలయ అమావాస్యకో రామేశ్వరము పోయి, లేదా నొయ్యలు ఒడ్డున పేరూరునకు పోయి తర్పణము విడుతురు. వారి మాతృభక్తిని నేను చిన్నచూపు చూడను. వారితో తరతరములుగా కలిసి బ్రతికినవారము. అయినను మన ధర్మము వేరొక విధముగ చెప్పుచున్నది. జీవుడు ఈ దేహమును విడిచినంతనే తన కర్మానుసారముగ మరియొక గతికి పోవును. నడుమ ఆకలితో వేచియుండు లోకము లేదు. మనము పెట్టు అన్నము అక్కడికి పోదు. మనము చేయు దానము యొక్క పుణ్యమైనను ఆమె ఖాతాలో జమ పడదు. ఎవరి ఖాతా వారిదే. ఒకరి పద్దు మరియొకరి పేర తిప్పి వ్రాయుట అంగడిలో చెల్లునేమో గాని కర్మసిద్ధాంతమున చెల్లదు.

ఇది విని కొందరు “జైనులకు గతించినవారిపై మమకారము లేదు” అందురు. అది పొరపాటు. తరువాత పంపుటకు వీలులేదు గనుక, ఉన్నప్పుడే చేయవలెనని మన ధర్మము మరింత గట్టిగా చెప్పుచున్నది. ఇందుకు మహావీరస్వామి గర్భస్థ వృత్తాంతమే సాక్ష్యము.

శ్వేతాంబర సంప్రదాయమున కల్పసూత్రము ఈ కథను చెప్పును. పర్యూషణములలో మనము ఏటేట వినునదే. త్రిశలామాత గర్భమున నున్న స్వామి, తన కదలిక వలన తల్లికి నొప్పి కలుగునేమో యని కరుణతో కదలక మెదలక యుండెను. తల్లికి సుఖము కలుగవలెను గదా? కలుగలేదు. “నా బిడ్డకు ఏమైనదో” అని ఆమె గుండె పగిలినట్లు విలపించెను. అంతఃపురమున పాటలు, వాద్యములు నిలిచిపోయెను. అది తెలిసి స్వామి ఒక్కపాటి కదలెను. తల్లికి ప్రాణము లేచి వచ్చెను. ఇంకను పుట్టకమునుపే తనపై ఇంత ప్రేమ పెట్టుకొన్న తల్లిని చూచి, తల్లిదండ్రులు జీవించియున్నంతకాలము దీక్ష తీసికొననని స్వామి నియమము పట్టెను. ఆ ప్రకారమే వారిరువురు గతించిన తరువాత, అన్న నందివర్ధనుని మాట మన్నించి మరి రెండేండ్లు ఆగి, 30వ యేట ఇల్లు విడిచెను.

ఈ కథను నేను చిన్నప్పటినుండి వినుచున్నాను. మా అమ్మ పోయిన తరువాతనే దాని అర్థము కొంత తెలిసినది. బిడ్డ కదలకపోవుట తల్లికి సుఖము కాదు. మన వర్తకులు తల్లికి శ్రమ కలుగరాదని పనిమనిషిని పెట్టుదుము, నెలనెల డబ్బు పంపుదుము, “అమ్మకు ఏ లోటు లేదు” అని సంతోషింతుము. అంతటితో మనము నిశ్చలముగా ఉండిపోవుదుము. తల్లి అడుగునది ఆ నిశ్చలత కాదు. బిడ్డ కదలిక. ఒక పలకరింపు, ఒక రాక, ఎదుట కూర్చుండి తినిన ఒక ముద్ద. తీర్థంకరుడు కాబోవు జీవుడే దయతో చేసిన పని తల్లికి దుఃఖమైనదని తెలిసి వెంటనే దిద్దుకొనెను. మనము దిద్దుకొనుటకు ఎంతకాలము తీసికొనుచున్నామో ఎవరికి వారు లెక్క చూచుకొనవలెను.

ఇక నా సంగతి చెప్పుకొందును. మా తాతగారు గుంటూరు ప్రాంతమునుండి ప్రత్తి వ్యాపారము మీద మధురకు వచ్చిరి. తెలుగువారికి మధుర క్రొత్త ఊరు కాదు. 1529లో విశ్వనాథ నాయకుడు రాజ్యము స్థాపించినది మొదలు అక్కడ తెలుగు మాట వినబడుచునే యున్నది. రైలు స్టేషను ఎదుట నేటికిని నిలిచియున్న సత్రము రాణి మంగమ్మ పేరిటిదే. ఆమెకు కొడుకు, కోడలు ఇరువురు పోగా, పసికందైన మనుమని పేర 1689లో రాజ్యభారము తలకెత్తుకొని, ఆ పిల్లవానికి తల్లియై నిలిచిన మహాసాధ్వి ఆమె. రాజ్యములు పోయినవి. తెలుగు మాత్రము ఇండ్లలో మిగిలినది. దానిని మిగిల్చినది రాజులు కాదు, వర్తకులు కాదు. అంగడిలో మేము అరవము మాట్లాడితిమి, పైదేశపు షావుకార్లతో హిందీ మాట్లాడితిమి. వంటింటిలో మా తల్లులు తెలుగు మాట్లాడిరి. అందువలన మేము తెలుగువారమైతిమి.

నేను బడిలో చదివినది అరవము. ఈ అక్షరములు మా అమ్మ నేర్పినవి. పాత చిట్టాపుస్తకముల వెనుక కాగితములపై దిద్దించెను. మొదట నవకార మంత్రము, తరువాత ఓనమాలు. ఈ వ్యాసమును మా పిల్లలు చదువలేరు; నేను చదివి వినిపింపవలసినదే. తమిళనాట 2006 చట్టము ప్రకారము బడులలో అరవము తప్పనిసరి అయినది. అది ఆ రాష్ట్రపు భాష, నేర్చుకొనవలసినదే. అయితే ఇంటిలో తెలుగు నేర్పవద్దని ఏ చట్టమును చెప్పలేదు. నేర్పనిది మేమే. తల్లి ఇచ్చిన దానిని పిల్లలకు అందింపక నడుమ నిలిపివేసినవాడు ఆమె పటమునకు ఎంత పెద్ద దండ వేసిననేమి?

మా మధుర ఇంటిలో బావి ఉండెడిది. మా అమ్మ నీరు తోడి, మందపు గుడ్డను రెండు మడతలు వేసి వడపోసెడిది. అది అందరు జైన గృహిణులు చేయునదే. తరువాతి పనియే కష్టమైనది. ఆ గుడ్డను తిరగవేసి, వడకట్టిన నీటితోనే కడిగి, గుడ్డలో నిలిచిన సూక్ష్మ జీవులను ఒక చిన్న చెంబులోనికి దించి, ఆ చెంబును త్రాటితో బావి నీటి మట్టము వరకు మెల్లగా దింపి అక్కడ వంచెడిది. పైనుండి కుమ్మరించిన జీవులు దెబ్బతినును గదా! “ఏ ఇంటివాళ్ళను ఆ ఇంటికే పంపాల నాయనా. వేరే బావిలో పోస్తే బతకలేవు” అనెడిది. వాన వచ్చినను, జ్వరము వచ్చినను ఈ పని తప్పలేదు.

నేను కోయంబత్తూరులో అంగడి పెట్టి, ఇల్లు కట్టి, ఆమెను కొన్నాళ్లు ఉండుమని తీసికొని వచ్చితిని. శిరువాణి నీరు తియ్యనిదని దేశమంతట పేరు. మా అమ్మ కుళాయి నీరు పట్టి వడపోసి, గుడ్డ చేతబట్టుకొని అటునిటు చూచి, “వీటిని ఎక్కడ వదలాల నాయనా?” అని అడిగెను. నేను నవ్వితిని. “కుళాయి నీళ్ళలో ఏముంటాయమ్మా, మందు కలిపి పంపుతారు” అంటిని. ఇంటిలో అందరు నవ్విరి. ఆమె కూడ నవ్వెను. తరువాత పది దినములకు “నేను మధురకు పోతాను” అనెను. నేను కారణము అడుగలేదు.

ఇంకొక మాట. మధురకు పడమట, నాగమలై పుదుక్కోట్టై దగ్గర కీళక్కుయిల్‌కుడి అను గ్రామమున సమణర్ మలై కలదు. సమణర్ అనగా శ్రమణులు, మన మునులు. కొండ క్రింద అయ్యనారు గుడి, తామరకొలను, పెద్ద మఱ్ఱిచెట్టు. నైఋతి వైపున సెట్టిపొడవు అను గుహ కలదు. సెట్టి పేరిట పిలువబడు ఆ గుహ దగ్గర మహావీరస్వామి ప్రతిమ. మెట్లెక్కి పైకి పోయిన పేచ్చిపళ్లము అను తావున ఒక ఊట, దానిపైన రాతిపై వరుసగా చెక్కిన జినమూర్తులు, పార్శ్వనాథుడు, బాహుబలి. మూర్తుల క్రింద వట్టెళుత్తు లిపిలో సుమారు పదకొండువందల యేండ్ల నాటి శాసనములు.

చాతుర్మాస్యములో ఒక సాధ్వీజీ ఈ కొండను గూర్చి చెప్పగా మా అమ్మ వినెను. అచ్చణంది అను ముని, మనము ఆర్యనంది అందుము, పాండ్యదేశమున అనేక కొండలపై జినమూర్తులు చెక్కించినవాడు. ఆనమలైలో, అళగర్‌మలైలో, ఐవర్‌మలైలో, ఉత్తమపాళ్యములో ఆయన పేరు నేటికిని రాతిపై కనబడును. సమణర్ మలైపై ఒక మూర్తి క్రింద మాత్రము, దానిని చేయించినది అచ్చణంది తల్లి గుణమతి అని వ్రాసియున్నది. “ఒక్కసారి ఆ తల్లి పేరు చూసి వస్తాను, నన్ను తీసుకుపో నాయనా” అని మా అమ్మ నన్నడిగెను. ఇంటికి పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేవు. నేను “మార్చి లెక్కలు కానీ అమ్మా” అంటిని. మార్చి అయిన తరువాత ఎండలు అంటిని. దీపావళికి బేరముల రద్దీ అంటిని. అటుల మూడు మార్చులు గడచినవి. నాలుగవ యేట ఆమె మోకాళ్లు మెట్లెక్కుటకు పనికిరావని వైద్యుడు చెప్పెను. ఆ మరుసటి సంవత్సరము ఆమె నవకారము వినుచు కన్ను మూసెను.

స్థానాంగ సూత్రమున తీర్చుటకు కష్టమైన ఋణములు మూడు చెప్పబడినవి: తల్లిదండ్రులది, పోషించిన యజమానిది, ధర్మాచార్యునిది. కొడుకు తల్లిదండ్రులకు మేలైన తైలములతో తలంటి, సుగంధజలములతో స్నానము చేయించి, నగలు పెట్టి, కమ్మని భోజనము పెట్టి, జీవితాంతము భుజములపై మోసినను ఆ ఋణము తీరదట. వారు ధర్మమున నిలుచుటకు తోడ్పడిననే తీరునట. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో! మా అమ్మకు పట్టుచీరలు కొంటిని, పంటికి వైద్యము చేయించితిని, శిఖర్జీ యాత్రకు డబ్బు ఇచ్చి పదిమందితో పంపితిని. ఋణము తీరు దారి ఏదో అది ఒక్కటే ఆమె నా నోరు తెరచి అడిగినది. దానికి నేను వాయిదాలు చెప్పితిని. అంగడిలో ఎవడైన నా బాకీకి మూడేండ్లు వాయిదా చెప్పిన ఊరుకొందునా?

ఆమె పోయిన సంవత్సరమునకు నేను ఒంటరిగ ఆ కొండ ఎక్కితిని. నాకు ఆ లిపి రాదు. తెలిసినవారు వేలితో చూపిరి. నేను చాలసేపు అక్కడ కూర్చుంటిని. నాకు తోచినది ఇది. అచ్చణంది సర్వసంగ పరిత్యాగి. ఇల్లు, వాకిలి, బంధుత్వము, అన్నింటిని విడిచినవాడు. ముని అయిన తరువాత అతనికి తల్లి యనునది లేదు. అయినను ఆ తల్లి “నన్ను విడిచి పోయినాడు” అని ఇంటిలో కూర్చుండి ఏడ్వలేదు. కొడుకు పట్టిన దారిలోనే కొండకు వచ్చి, తానును ఒక జినమూర్తిని నిలిపెను. రాజులు చేయించినవి, మునులు చేయించినవి ఆయా పేర్లతో ఉన్నవి. ఆమె పేరు మాత్రము “అచ్చణంది తల్లి” అని ఉన్నది. వెయ్యేండ్లు దాటి ఆ మాట చెరగలేదు.

మరుదేవీ మాత కథ కూడ శ్వేతాంబర సంప్రదాయమున ఇట్టిదే. దీక్ష పట్టిన ఋషభస్వామికై ఏడ్చి ఏడ్చి ఆమె చూపు మందగించెను. భరతుడు ఏనుగుపై నెక్కించి సమవసరణమునకు తీసికొనిపోయెను. కొడుకు మహిమను చూచి, తన మోహమును తానే ఎరిగి, ఏనుగుపై నుండగనే కేవలజ్ఞానము పొంది, ఈ అవసర్పిణిలో అందరికంటె ముందు మోక్షమునకు పోయెనందురు. ఇందులో నా మనసు పట్టుకొన్నది భరతుడు. మనుమడు చక్రవర్తియై యుండియు, నాయనమ్మను వెంటబెట్టుకొని తీసికొనిపోయెను. “మార్చి లెక్కలు” అనలేదు.

మన తెలుగు దేశమునందును ఇట్టి తల్లులు కలరు. కరీంనగరము జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్టపై పదవ శతాబ్దమున జినవల్లభుడు వేయించిన శాసనమున తెలుగు కందపద్యములు ఉన్నవని సాహిత్యజ్ఞులు గొప్పగా చెప్పుకొందురు. పంపమహాకవికి తమ్ముడైన ఆ జినవల్లభుడు అందు తల్లి అబ్బణబ్బ పేరును నిలిపెను. వేంగీ దేశపు కమ్మనాటి వంశమున జనించిన అత్తిమబ్బ చిన్ననాటనే భర్తను పోగొట్టుకొని, ఒక్క కొడుకును పెంచుకొనుచు, పొన్నకవి శాంతిపురాణమును వేయి ప్రతులు వ్రాయించి పంచి, లక్కుండిలో 1007లో జినాలయము కట్టించెను. అచ్చుయంత్రము లేని కాలమున వేయి ప్రతులనగా ఎంత తాటాకో, ఎందరు వ్రాయసకాండ్రో వర్తకులు ఊహింపగలరు.

కోయంబత్తూరు వారికి ఇంకను దగ్గరి ఉదాహరణము కలదు. శ్రవణబెళగొళలో సుమారు 57 అడుగుల గోమఠేశ్వరుని చాముండరాయడు సుమారు 981లో నిలిపెను గదా. తల్లి కాళలాదేవి పౌదనపురమునందలి బాహుబలిని చూడగోరినదనియు, ఆమె కోరిక తీర్చుటకే బయలుదేరెననియు ఐతిహ్యము. ఆ చాముండరాయని చెల్లెలు పుల్లప్ప సల్లేఖనముతో దేహము విడిచినది మన కొంగునాటి విజయమంగళమున. అక్కడి చంద్రప్రభ జినాలయమున ఆమె స్మారకము కలదు. విజయమంగళము నేడు ఈరోడు జిల్లాలోనిదైనను 1979 వరకు కోయంబత్తూరు జిల్లాలోనిదే. తిరుప్పూరునకు బేరము మీద వారమునకు రెండుసార్లు పోవు మనము ఆ దారినుండి ఎన్నిసార్లు ప్రక్కకు తిరిగితిమి? తల్లి కోరికను కొడుకు నెరవేర్చిన ఇంటిలోనే అట్టి చెల్లెలు పుట్టినది. తల్లి మాట నిలిచిన ఇంట ధర్మము నిలుచును.

ఇటీవల మే నెల రెండవ ఆదివారము మాతృదినమని మన పిల్లలును జరుపుచున్నారు. అది తప్పు కాదు. దాని పుట్టుక కూడ తెలిసికొనవలెను. అమెరికాలో ఆనా జార్విస్ అను ఆమె, 1905లో చనిపోయిన తన తల్లిని స్మరించుటకు 1908లో గ్రాఫ్టన్ అను ఊరి చర్చిలో సభ జరిపించి, తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషన్ పూలు పంపెను. 1914లో అధ్యక్షుడు విల్సన్ దానిని దేశమంతట పాటింపుమని ప్రకటించెను. పూలవారు, కార్డులవారు, మిఠాయివారు దానిని సొమ్ము చేసికొనుట చూచి ఆమె మనసు విరిగి, తాను ప్రారంభించిన దినమునే ఎదిరించుచు 1948లో కన్ను మూసెను. కొన్న కార్డుపై సంతకము చేసి పంపుటకంటె తల్లికి చేతితో ఒక ఉత్తరము వ్రాయుమని ఆమె వాదము. మనము వర్తకులము గనుక ఈ మాట మనకే ఎక్కువగా తగులును. అమ్ముట మన వృత్తి. తల్లిపై ప్రేమను కూడ సరుకుగా చూచుట మొదలైన, మన ఇండ్లలో ఇక అమ్మకూడనిది ఏమి మిగులును?

మన దేశమున 2007లో తల్లిదండ్రుల పోషణకు చట్టము చేయవలసివచ్చినది. వృద్ధులను దిక్కులేక విడిచినవానికి మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చునని అందు కలదు. చట్టము అన్నము పెట్టింపగలదు. పలకరింపును పెట్టింపలేదు.

ఇక మనమేమి చేయవలెను? తల్లి సజీవముగా ఉన్నవారికి నా మనవి: ఆమె అడిగిన చిన్న కోరికను లెక్కల తరువాతకు త్రోయకుడు. అది తీర్థయాత్ర యైనను, ఒక సామాయికమునకు తోడు కూర్చుండుట యైనను, పుట్టింటివారిని చూచి వచ్చుట యైనను. మీ ఇంటికి వచ్చిన కోడలికిని ఒక తల్లి కలదని మరువకుడు. ఆమెను ఏటికొక్కసారి పండుగకు పంపి చేతులు దులుపుకొనుట మాతృభక్తి కాదు. సంవత్సరి నాడు ఊరంతటికి క్షమాపణ సందేశములు పంపుదుము. మొదట తల్లి ఎదుట కూర్చుండి, ఏ తప్పునకు క్షమింపుమనుచున్నామో నోటితో చెప్పి అడుగుడు.

తల్లి గతించినవారికి నా మనవి: మన దానము ఆమెకు చేరదు. అందువలన దానము మానవద్దు. అది మన లోభమును తగ్గించును, ఆకలిగొన్నవానికి అన్నమగును. అయితే పలక మీద ఆమె పేరు ఎంత పెద్ద అక్షరములతో ఉండవలెనను పంతము మానుడు. ఆమె పట్టిన నియమములలో ఒక్కదానిని మీరు పట్టుడు. రాత్రిభోజనము మానుటయో, రోజునకొక పిడికెడు బియ్యము తీసి పెట్టుటయో, పిల్లలకు రోజునకొక తెలుగు అక్షరము దిద్దించుటయో. ఆమె జీవితమున నిలిచిన ధర్మము మన చేతిలో కదలుచుండవలెను. ఆమె పటము గోడపై కదలదు, కదలవలసినది మనమే.

మా చిన్నవాని ప్రశ్నకు ఇప్పుడు నేనిచ్చు జవాబు ఇది: “దండ నాయనమ్మకు చేరదు నాయనా. దండ వేసే చేతికి ఆమె జ్ఞాపకము చేరుతుంది. ఆ చేయి తరువాత ఏమి చేస్తుందో అదే లెక్క.”

మరొక సంగతి చెప్పి ముగింతును. అనాదియైన ఈ సంసారమున మనకు తల్లి కాని జీవి లేదని పెద్దలు చెప్పుదురు. మా అమ్మ జీవుడు నేడు ఏ గతిలో, ఏ దేహమున ఉన్నదో నేనెరుగను. దేవగతియో, మానవ జన్మమో, మరేదియో. అట్లయిన ఏ జీవిని తేలికగా చూచుటకు నాకు అధికారమున్నది? నవ్విన ఆ నవ్వు నాకు తరచు జ్ఞాపకము వచ్చును. గుడ్డ చేతబట్టుకొని నిలిచిన ఆమెకు నేను జవాబు చెప్పలేదు. నిరుడు చాతుర్మాస్యమునకు వచ్చిన సాధ్వీజీని ఆ ప్రశ్నయే అడిగితిని: “కుళాయి నీటి జీవులను ఎక్కడ వదలవలెను?” ఆమె కొంచెముసేపు ఆలోచించి, “తిరిగి వదలలేని చోట తక్కువ పట్టుకో” అనిరి.

అది మొదలు మా ఇంటిలో నీరు నేనే వడపోయుచున్నాను. కుళాయి సన్నగా త్రిప్పి, కావలసినంతే పట్టుచున్నాను. గుడ్డ కడిగిన నీటిని నేలపై పారబోయక, పెరటిలో నీడన ఉంచిన తొట్టిలో మెల్లగా వంచుచున్నాను. ఇది మా అమ్మ బావితో సమానము కాదని నాకు తెలియును. అయినను ఉదయము గుడ్డ రెండు మడతలు వేయునప్పుడు ఆమె పటము ఎదుట నిలిచినదానికంటె ఆమెకు దగ్గరగా ఉన్నట్లు నాకు తోచును.

వచ్చే పౌర్ణమినాడు మా పిల్లలను వెంటబెట్టుకొని సమణర్ మలై ఎక్కవలెనని నిశ్చయించుకొన్నాను. మధుర, కోయంబత్తూరు బంధువులు ఎవరైన తమ తల్లులను తీసికొని రాదలచిన రావచ్చును. మెట్లెక్కలేని తల్లులుండిన చేయి పట్టుకొని ఎక్కింతము, అదియు కుదరనిచో మోసికొని పోవుదము. గుణమతి తల్లి పేరు చూపించుటకు నేను ముందుండి దారి చూపుదును. ఈసారి మార్చి లెక్కలు ఆగవచ్చును.

నా మాటవలన ఎవరి మనసైన నొచ్చియుండిన, త్రికరణశుద్ధిగా మిచ్ఛామి దుక్కడం.